నూటికి అరవై ఆరు

నాకు పక్షపాతం ఉండదని చిన్నప్పటి నుంచీ ఒక గర్వం. బడిలో క్లాసు లీడరుగా ఉన్నప్పుడు, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమంటే నా పేరు కూడా రాసేదాన్ని. మా అమ్మ రేణుకమ్మ దీన్ని గుణం అనదు, తిక్క అంటుంది. నిరుటి పత్తి కాలం గడిచాక నేనూ అదే మాట అంటున్నాను.

మాది గట్టు మండలంలో ఒక పల్లె. వనపర్తిలో బీఎస్సీ చేసి, గద్వాల్లో ఒక ప్రైవేటు విత్తన పరీక్షల ల్యాబులో మూడేళ్లుగా పని చేస్తున్నాను. మా వైపు సగం ఊళ్లు సీడ్ పత్తి మీదే బతుకుతాయి. బట్టకు పనికొచ్చే పత్తి వేరు, ఇది వేరు. ఇందులో గింజే పంట. ఆడ రకం పువ్వుకు మగ రకం పువ్వు పుప్పొడి చేత్తో అద్దాలి, ఎకరంలో ఎన్ని పూలుంటే అన్నిటికీ. కాయ పగిలాక పత్తి ఏరి, మిల్లులో గింజ తీయించి, అందులోంచి చారెడు మా ల్యాబుకు పంపుతారు. నూరు గింజల్లో ఎన్ని బతికి ఉన్నాయో మేం చెప్తాం. డెబ్బైకి తగ్గితే కంపెనీ తీసుకోదు. తీసుకోకపోవడమే కాదు, ఆ గింజను మళ్లీ ఎవరూ విత్తనంగా అమ్ముకోకుండా దగ్గరుండి నూనె మిల్లులో ఆడించేస్తుంది.

నిరుడు జూన్‌లో ల్యాబుకు ఒక కెమెరా పెట్టె, దానితో పాటు ఒక సాఫ్ట్‌వేర్ వచ్చాయి. పెద్ద పెద్ద పరిశోధనశాలల్లో కణాలు లెక్కపెట్టడానికి వాడేదట. గింజను రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, ఒక మందు నీళ్లలో వేస్తే ప్రాణమున్న చోట ఎర్రబడుతుంది, చచ్చిన చోట తెల్లగా ఉండిపోతుంది. అంతకు ముందు ఆ ఎరుపును భూతద్దం పెట్టుకుని నేనే చూసేదాన్ని. సాయంత్రానికి కళ్లు మంటలు. కొత్త సాఫ్ట్‌వేర్ నూరు గింజల ఫొటో తీసుకుని, ఒక్కో గింజ చుట్టూ గీత గీసి, ఎరుపు ఎంతుందో కొలిచి, బతికినవాటికి ఆకుపచ్చ గీత, చచ్చినవాటికి నల్ల గీత పెట్టేది. రెప్పపాటులో అంకె వచ్చేది. దాన్ని చూస్తూ నేను మురిసిపోయేదాన్ని. నాలాగే దానికీ పక్షపాతం లేదు కదా.

బిగించడానికి హైదరాబాదు నుంచి మాలతి మేడం వచ్చింది. చేతిలో పట్టేంత తెల్ల అట్ట ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున మొట్టమొదట కెమెరాకు దాన్ని చూపించమంది. తెలుపంటే ఏదో దానికి తెలిస్తేనే ఎరుపంటే ఏదో తెలుస్తుందట. అంచులు పట్టుకోండి, మురికి కానివ్వకండి అని రెండుసార్లు చెప్పింది. నేను దాన్ని బట్టలో చుట్టి, సొరుగులో పెట్టి, తాళం వేసేదాన్ని.

ఇంటి దగ్గర మా నాయిన భీమన్న నాలుగెకరాల సీడ్ పత్తి వేశాడు. పూలకు పుప్పొడి అద్దేదీ, పత్తి ఏరేదీ రంగమ్మ గుంపు. పన్నెండు మంది ఆడవాళ్లకు ఆమె మేస్త్రీ. పదేళ్లుగా మా చేను ఆమె చేతిలోనే ఉంది. నేను ఆమెను రంగమ్మత్త అని పిలుస్తాను. పత్తి ఏరే రోజుల్లో ఆమె పొద్దున్నే గట్టు మీద నిలబడి, ఒక ఆకు తెంపి చెంపకు ఆనించుకునేది. చల్లగా తగిలితే ఎవరినీ సాలులోకి దిగనిచ్చేది కాదు. మంచు ఆరకముందు ఏరిన పత్తి మూటలో వేడెక్కి, లోపల గింజ చచ్చిపోతుంది. ఆమె ఆకు చూస్తున్నంత సేపూ మా నాయిన టీ తాగుతూ కూర్చునేవాడు, తొందరపెట్టేవాడు కాదు.

దసరా ముందు రోజు ల్యాబు కడిగి ఆయుధపూజ చేశాం. ఇన్‌చార్జి సుదర్శన్ సార్ కొబ్బరికాయ కొట్టాడు. నేను కంప్యూటరుకు, కెమెరా పెట్టెకు, తక్కెడకు, చివరికి గది తాళానికి కూడా పసుపు కుంకుమలు పెట్టాను. మర్నాటి నుంచి మూడు రోజులు వాన పట్టుకుంది. పగిలిన కాయలు చెట్టు మీదే తడిశాయి. రంగమ్మత్త వారం రోజులు ఎవరినీ చేన్లోకి రానివ్వలేదని అమ్మ చెప్పింది. పక్క చేన్లవాళ్లు ఎండ పొడ కనబడగానే దిగారు.

నవంబరు మొదటి వారంలో మా గింజ వచ్చింది. సంచుల మీద రైతు పేరు ఉండదు, అంకె ఉంటుంది. కానీ నాయిన చీటీ నేను చూశాను కనుక మా అంకె నాకు తెలుసు. నూరు గింజలు తట్టలో పేర్చాను. ఆకుపచ్చ గీతలు, నల్ల గీతలు వచ్చాయి. నూటికి అరవై ఆరు.

ఆ అంకెను పక్కన పెట్టి, ఇంకో నూరు గింజలు నానబెట్టడం నా చేతిలో పని. రెండోసారి పరీక్షకు ల్యాబు మనిషి సంతకం ఒక్కటి చాలు, ఆ మనిషిని నేనే. కానీ ఆ నెల రోజుల్లో అప్పటికే ఇరవై మంది రైతుల గింజ అలాగే పోయింది, వాళ్లెవరికీ నేను రెండోసారి చేయలేదు. వానకు పోయిందని అందరం అనుకున్నాం. అరవై ఆరు అని రాసి సంతకం పెట్టాను. బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను, ఆ ఏడుపులో కూడా కాస్త గర్వం ఉంది.

అన్నం దగ్గర నాయిన మెల్లగా అడిగాడు.

"ఇంగొక్కసారి సూడరాదా బిడ్డా?"

"రేపు ఇంగో రైతు వచ్చి నాకూ సూడు అంటే ఏం చెప్పాలె నాయినా? మీ నాయినకైతే ఒక లెక్క, మాకైతే ఒక లెక్కనా అనరా?"

నాయిన అన్నంలో నీళ్లు పోసుకుని లేచాడు. అమ్మ మాత్రం నన్ను ఆపకుండా తిట్టింది. నాలుగు రోజులకు లారీ వచ్చి మా గింజను నూనె మిల్లుకు తీసుకుపోయింది.

మా ఊళ్లో రంగమ్మత్త గుంపు ఏరిన చేన్లు మూడు. మూడూ పోయాయి, మిగతావాటిలో కొన్ని నిలిచాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఇక వేరే సాక్ష్యం ఎందుకు? వారం రోజులు చేన్లోకి దిగలేదన్న మాట పైకి చెప్పినదేననీ, పొద్దున పూట ఎవరూ చూడనప్పుడు తడి పత్తి ఏరి మూటల అడుగున తోశారనీ ఊరు తీర్మానించింది. మా నాయిన రెండు రోజులు ఆ మాట నమ్మలేదు. మూడో రోజు ఆమెను పిలిపించాడు.

ఆమె వాకిట్లో నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, నేను కూడా. నాయిన గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజూ పెంచలేదు. పదేళ్లు కళ్లు మూసుకుని చేను అప్పజెప్పినందుకు మంచి పని చేశావు అన్నాడు. వచ్చే ఏడు వేరేవాళ్లను చూసుకుంటానన్నాడు. ఆమె, నా చేతి మీదుగా తడి పత్తి మూటకు పోలేదు అని ఒకటికి రెండుసార్లు చెప్పి, నావైపు తిరిగింది.

"నువ్వు సెప్పు బిడ్డా. ఆ మిషను గిన తప్పు సూస్తదా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"దానికి మనోళ్లు, పరాయోళ్లు అని ఉండదత్తా. ఉన్నది ఉన్నట్టు సూస్తది."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్లిపోయింది. వారం తిరగకుండా ఆమెకు తడి రంగమ్మ అని పేరు పడింది. చిన్న పిల్లలు కూడా అనేవాళ్లు. మేస్త్రీకి మంచి పేరే పెట్టుబడి, అది పోయాక గుంపు పోయింది. పన్నెండు మందిలో కొందరు వేరే మేస్త్రీల దగ్గర చేరారు. ఆమె కొడుకు సతీష్, ఆ గుంపులోనే పని చేసిన కోడలు రెబెకా బెంగళూరులో మేడలు కట్టే పనికి వెళ్లిపోయారు. పని లేక పోయారనుకున్నాను.

డిసెంబరు నెల సగంలో ఉన్నాం. ఏదో మీటింగులో తెర మీద చూపించడానికి నాలుగు మంచి ఫొటోలు పంపమని హెడ్డాఫీసు నుంచి అడిగారు. సాఫ్ట్‌వేర్ తీసిన ప్రతి ఫొటోనూ దాచుకుంటుంది. సెప్టెంబరుది ఒకటి, నవంబరుది ఒకటి తీసి పక్కపక్కన పెట్టాను. గింజల కింద మేం పరిచేది తెల్ల కాగితం. సెప్టెంబరు ఫొటోలో అది తెల్లగా ఉంది. నవంబరు ఫొటోలో కొంచెం నీలంగా ఉంది.

ముందు నా కళ్లజోడు తుడుచుకున్నాను. తర్వాత తెర తుడిచాను. అక్టోబరు ఫొటోలన్నీ వరసగా తెరిచాను. దసరా ముందు వరకు కాగితం తెలుపు. దసరా తెల్లవారి నుంచి నీలం. కళ్లకు చటుక్కున పట్టుబడేంత కాదు, పక్కన పెడితే తప్ప.

సొరుగు తాళం తీసి తెల్ల అట్టను బయటికి తీశాను. మాలతి మేడం ఇచ్చిన కవరులో రెండో అట్ట విప్పకుండా ఉంది. కవరు చింపి, దాన్ని తీసి దీని పక్కన పెట్టాను. కొత్తది తెలుపు. పాతది మజ్జిగలో చిటికెడు పసుపు వేసిన రంగు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు అన్నిటికీ బొట్లు పెట్టాక, ఈ మిషను రోజూ మొదట చూసే ముఖం ఇదే కదా అనుకుని, ఆ అట్టకు కూడా నాలుగు మూలలా పసుపు పెట్టాను. కొత్త పుస్తకానికి, శుభలేఖకు పెట్టమా, అట్లాగే. పూజ అయ్యాక తడి గుడ్డతో తుడిచేశాను. పోయిందనుకున్నాను. పోలేదు, పలచబడి అట్టంతా పరుచుకుంది. మురికి కానివ్వకండి అని మేడం రెండుసార్లు చెప్పింది. పసుపు మురికి ఎట్లా అవుతుంది? పుట్టి బుద్ధెరిగాక నాకు అట్లా ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆ పసుపును తెలుపు అనుకుని కెమెరా రెండున్నర నెలలు లోకాన్ని చూసింది. బాగా ఎర్రబడ్డ గింజలను బతికినవేనంది. లేత ఎరుపు ఉన్నవాటిని చచ్చినవంది.

కొత్త అట్ట పెట్టి కెమెరాను సరిచేశాను. మా గింజ పాత ఫొటోనే, రెండు అట్టలకూ ఉన్న తేడా తీసేసి లెక్కించమన్నాను. ఆకుపచ్చ గీతలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఎనభై తొమ్మిది. నమ్మలేక, ప్రతి రైతు సంచిలోంచీ మేం దాచే పిడికెడు గింజల్లో మావి తీసి నానబెట్టి, మర్నాడు భూతద్దం పెట్టుకుని పాత పద్ధతిలో నా కళ్లతో చూశాను. ఎనభై ఎనిమిది. మిగతావాళ్ల ఫొటోలనూ అట్లాగే మళ్లీ లెక్కించాను. దసరా తర్వాత పోయిన రైతులు మొత్తం నలభై ఒక్క మంది. వాళ్లలో ముప్పై మూడు మంది గింజ మంచిది. నలభై ఒక్కరి గింజా నూనె మిల్లుకు పోయింది.

సుదర్శన్ సార్ ముందు రెండు అట్టలూ పెట్టాను. ఆయన ఒకదాని పక్కకు ఒకటి జరిపి చూశాడు. "నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ తెల్వదు, తెల్సా?" అన్నాడు. అందులో బెదిరింపు లేదు, సలహా లేదు. ఆయనకే దిక్కు తోచలేదు. ముప్పై మూడు అంకెలూ నేను కాగితం మీద రాసి ఉంచానని చెప్పాను. కాసేపటికి ఆయనే హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమని నాకు చెప్పారు. దానికి నేనేమీ బాధపడలేదు.

ఇంటికొచ్చేసరికి నాయిన బర్రెకు కుడితిలో పత్తి చెక్క కలుపుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన చేయి తొట్టిలోనే ఉండిపోయింది.

"అయితే మన గింజ బతికే ఉండెనా?"

"ఉండె నాయినా."

నన్ను కొట్టినా బాగుండేది. ఆయన తొట్టిలోకి చూశాడు, ఆ చెక్కలోకి, ఎవరి గింజ ఆడిస్తే వచ్చిందో. చేయి తీసి పంచెకు తుడుచుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఆ నాలుగెకరాలు తన చేత్తో చదును చేసినవాడు, ఆ చేయి తనది కానట్టు చూసుకున్నాడు.

"రంగమ్మను వాకిట్ల నిలవెట్టి మాట్లాడితి గద," అన్నాడు. మా అమ్మ ఆ రోజు తిక్క అనలేదు. నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

నాయినా నేనూ రంగమ్మత్త ఇంటికి బయల్దేరాం. చర్చి మలుపు దగ్గర నాయిన కాళ్లు ఆగిపోయాయి. నువ్వు పో, నేను వెనక వస్తానన్నాడు. మోరీ గోడ మీద కూర్చుండిపోయాడు. ఆయన ముఖం చెల్లలేదు. నాకు మాత్రం చెల్లిందా? అయినా నోటితో చెప్పింది నేను కదా, నేనే పోవాలి.

రంగమ్మత్త మిరప చేలో కూలి నుంచి అప్పుడే వచ్చి, గడప మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటోంది. ఆమె భర్త ఇస్రాయేలు లోపల మంచానికి నవారు బిగిస్తున్నాడు. నేను కింద కూర్చున్నాను. పసుపు సంగతి, అట్ట సంగతి, గింజ సంగతి మొత్తం చెప్పాను. తప్పు నాదే అత్తా, నీ గుంపుది కాదు, వానది కూడా కాదు అన్నాను. తిట్టాలి, ఉమ్మెయ్యాలి అని మనసులో కోరుకున్నాను. ఆమె తిట్టలేదు. చెంబు పక్కన పెట్టింది.

"మా పన్నెండు మందిల ఎవలూ జెయ్యలేదా?"

"ఎవ్వలూ చెయ్యలేదత్తా."

"రెబెకా గూడ?"

ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. లోపల నవారు చప్పుడు ఆగింది. ఆమె నన్ను చూడకుండా, తడి కాళ్లను చూసుకుంటూ చెప్పింది. వాకిట్లో నేను ఆ మాట అన్న రోజు ఆమె ఇంటికొచ్చి, సదువుకున్న పిల్ల అబద్ధం చెప్పదు, మరి మాలో ఎవరో ఒకరు చేసే ఉంటారు అనుకుందట. ఎవరని వెతికిందట. వానలు వెలిసిన వారం తర్వాత ఆదివారం నాడు రెబెకా అందరికంటే ముందు చేనికి పోయింది. చర్చికి వేళ అవుతుందని తడిలోనే ఏరి ఉంటుందని లెక్క కట్టిందట. ఆకులు ఆరేదాకా గట్టు మీదే కూర్చున్నానని, చర్చికే పోలేదని ఆ పిల్ల బైబిల్ పట్టుకుని చెప్పింది.

"నేను నమ్మలే బిడ్డా. పదిమందిల అడిగిన. మా అమ్మ పేరు జెడగొట్టినవ్ అని సతీషు దాన్ని కొట్టిండు. నేను పక్కనే ఉన్న. ఆపలే."

నేను రెండిళ్ల సంగతే అనుకుని వచ్చాను. నా మాట ఆ ఇంట్లో ఇంకో గడప దాటి, ఒక పిల్ల చెంప దాకా పోయిందని నాకు తెలియదు. పని లేక బెంగళూరు పోయారనుకున్నాను కదా, రెబెకా ఆ ఇంట్లో ఉండలేక వెళ్లిపోయింది. సతీష్ ఆమె వెనక పోయాడు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తుతాడు, కోడలు మాట్లాడదు.

రంగమ్మత్త తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. నంబరు తనే నొక్కింది, మాట్లాడడం మాత్రం తన వల్ల కాదంది. ఇన్ని రోజుల్లో ఏ పలకరింపూ లేనిదానికి ఏ మొఖంతో ఫోన్ చెయ్యాలె అంది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి రెబెకా ఎత్తింది. వెనక కంకర కలిపే మిషను మోత. నేను మానసను అని చెప్పి, మళ్లీ మొదటి నుంచీ మొత్తం చెప్పాను. ఈసారి మాటలు తడబడ్డాయి. నువ్వు తడి పత్తి ఏరలేదు రెబెకా, రుజువైంది, ఫొటోలున్నాయి అన్నాను. శుభవార్త చెప్పినట్టే చెప్పాను, ఎంత సిగ్గులేని దాన్నో.

అటు వైపు మోత కాస్త దూరమైంది, ఆ పిల్ల పక్కకు జరిగినట్టుంది.

"నేను ఏరలేదని నాకు ముందే తెల్సు గదక్కా," అంది రెబెకా. కోపం లేదు గొంతులో. "నాకెందుకు సెప్తున్నవ్? ఈయన ఈన్నే ఉన్నడు. ఈయనకు సెప్పు."

ఫోన్ చేతులు మారింది. "ఎవరూ?" అన్నాడు సతీష్. రంగమ్మత్త నా మోచేయి పట్టుకుంది, గట్టిగా. చెప్పాను.